ఎడమకి తిప్పు

పంపుల మేస్త్రీ శనివారం పదకొండింటికి చనిపోయాడు. మర్నాడు ఎనిమిదింటికి చర్చిలో అతనికి జ్ఞానస్నానం జరగాల్సింది. ఆ స్నానపు తొట్టికే కొళాయి బిగిస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు.

సాయంత్రం చర్చి వరండాలో వాదన మొదలైంది. మేస్త్రీ భార్య అడిగింది ఒక్కటే: చర్చి సమాధుల తోటలో, పోయిన తమ పాప పక్కన చోటు. తోట తాళం చెవి ఆమె అన్న దగ్గర ఉంటుంది.

"బావంటే నాకూ ప్రాణమేనే," అన్నాడు అన్న. " కానీ జ్ఞానస్నానం నీళ్లు పడని మనిషికి మోక్షం లేదని, ఈ తోటలో చోటు లేదని పదేళ్లుగా వింటున్నాం. చెప్పిన ఉపదేశి ఇక్కడే ఉన్నాడు. ఏమయ్యా, నోట్లో బెల్లంముక్క ఉందా?"

ఉపదేశి చర్చిలో పాఠాలు చెబుతాడు. మేస్త్రీ పడిపోయినప్పుడు పక్కనున్నది అతనూ, మేస్త్రీ భార్యా.

అప్పుడే పొరుగూరి నుంచి వచ్చిన ఫాదర్ అడిగాడు. "చివరికి ఏమన్నా అన్నాడా?"

"ఎడమకి తిప్పమన్నాడు, ఫాదర్."

"ఏంటి?"

"వాల్వు. పని కోసం ఆయనే కట్టేశాడు. నేను చెంబు పట్టుకుని కుడికి తిప్పుతున్నాను. పడుకునే అరిచాడు, ఎడమకి ఉపదేశీ, ఎడమకి అని. తిప్పాను. చెంబు నిండేసరికి పోయాడు."

ఎవరో నవ్వి ఆపుకున్నారు.

"దాహమేసి ఉంటుంది," అన్నాడు అన్న.

చెల్లెలు లేచింది. "దాహమా? సీసా నోటి దగ్గర పెట్టింది నేను! మూతి తిప్పుకుని తొట్టి వైపు చెయ్యి చూపించాడన్నయ్యా!"

ఉపదేశి ఆమె వైపు తిరిగాడు. "ప్రాణం మీదికొస్తే జ్ఞానస్నానానికి ఆ సీసా నీళ్లు చాలమ్మా. నువ్వయినా తల మీద పోయొచ్చు."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?" అంది ఆమె.

"చెప్పలేదు. నీళ్లు పడకముందే పోతే, కోరిక కూడా జ్ఞానస్నానమేనని పుస్తకంలో ఉంది. ఆ పేజీ కూడా దాటేశాను. చెబితే జనం రేపు మాపు అంటారని." అతను గొంతు పెంచాడు. "మేస్త్రీ రేపన్నాడా? చస్తూ నాకు వాల్వు తిప్పడం నేర్పాడు! ఇంతకన్నా ఎలా కోరుకుంటారు, ఫాదర్?"

"జ్ఞానస్నానానికి పేరిచ్చినవాడు మనవాడే," అన్నాడు ఫాదర్. "సమాధి విషయంలో చర్చి చట్టమూ అంతే."

"నీ మాట నమ్మే కదయ్యా వద్దన్నాను!" అన్నాడు అన్న.

"ఇప్పుడూ నా మాటే నమ్మి తాళం తియ్యి."

అన్న జేబులో చెయ్యి పెట్టాడు. తాళం చెవి పూర్తిగా బయటికి రాకముందే చెల్లెలు లాక్కుంది. మెట్లు దిగి తోట వైపు పరిగెత్తింది. వెనకే ఉపదేశి, పార పట్టుకుని.