హారతి ప్రొసీజరు

హారతి చేరిన దగ్గర్నుంచీ ప్రసన్నలక్ష్మికి ఆఫీసులో టీ కూడా సయించడం లేదు. రాజమండ్రిలో ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన నాటి నుంచీ డేటాబేస్ అంటే ప్రసన్నే. ఇప్పుడు ఎవరిని కదిపినా హారతి, హారతి! నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, జంతికలు తిన్న చేత్తోనే కీబోర్డు ముట్టుకునే రకం. అందరి నోళ్లలోనూ దాని పేరే. ఒళ్లు మండదూ మరి?

మంట మొదలైంది రావులపాలెం అరటి మార్కెట్ పని దగ్గర. అక్కడి వ్యాపారి వీరబ్రహ్మం గారికి ఒక స్క్రీను కావాలి. గెలల వ్యాను గేటు దగ్గరికి రాగానే దాని నంబరు కొడితే లోడు నంబరు, గెలలు దించాల్సిన వరస నంబరు, వేలం పాట మొదలయ్యే వేళ కనబడాలి. ప్రసన్న మూడు ఫంక్షన్లు రాసింది. ఫంక్షన్ ఒక్క విలువే తిరిగి ఇస్తుంది. దాన్ని డేటాబేస్‌ని అడిగే క్వెరీ మధ్యలో పెట్టి వాడుకోవచ్చు, ఆ సుఖమే వేరు. కానీ మూడింటికీ విడివిడిగా అడగాలి, స్క్రీను నత్తనడక నడిచింది. హారతి ఏం చేసింది? ఒక్క స్టోర్డ్ ప్రొసీజరు రాసి, దానికి విలువలు బయటికి తెచ్చే మూడు అవుట్‌పుట్ పారామీటర్లు పెట్టింది. ఒకసారి కాల్ చేస్తే మూడు విలువలూ ఒక్కసారే వచ్చి పడ్డాయి.

"ప్రొసీజరు క్వెరీ మధ్యలో ఇమడదు కదండీ," అని ప్రసన్న వంక పెట్టబోయింది.

"ఇక్కడ క్వెరీతో పనేంటమ్మా? మూడూ వచ్చాయా లేదా?" అన్నారు ఓనరు నాగేశ్వరప్రసాద్ గారు. "మార్కెట్లో ఇది సరిగ్గా నడిస్తే ఈ ప్రాజెక్టుకి హారతే లీడు. నువ్వొకసారి చెక్ చేసి ఓకే చెయ్యమ్మా."

లీడు! దానికోసం ప్రసన్న ఎన్నేళ్లుగా కాచుక్కూర్చుందో ఆయనకి తెలియదా?

మార్కెట్‌కి వెళ్లే ముందు రోజు మధ్యాహ్నం ప్రసన్న, హారతి రాసిన కోడు తెరిచింది. ప్రొసీజరు చక్కగానే ఉంది, పాడు పిల్ల! అయితే టెస్టులన్నీ అయ్యాక హడావిడిగా మార్చిన లైనొకటి ఉంది, ప్రొసీజరుని కాల్ చేసే లైను. ప్రొసీజరులో అవుట్‌పుట్ అని రాస్తే సరిపోదు. కాల్ చేసేటప్పుడు కూడా ఒక్కో పారామీటరు పక్కనా ఆ మాట మళ్లీ రాయాలి. లోడు నంబరు పక్కన ఉంది, పాట వేళ పక్కన ఉంది, వరస పక్కన లేదు. దీనికి ఎర్రర్ కూడా రాదు. వరస ఎంతో లోపల తేలుతుంది గానీ బయటికి రాదు, గడి ఖాళీగా ఉండిపోతుంది.

"అమ్మాయ్, ఇక్కడ మర్చిపోయావు" అంటే అయిపోయేది. ప్రసన్నకి నోరు రాలేదు. ఏం, అంత మొనగత్తె కదా, తనే చూసుకోవచ్చుగా! ఓకే కొట్టేసింది.

మర్నాడు పొద్దున ఓనరు, ప్రసన్న, హారతి చూస్తుండగా మార్కెట్ గేటు దగ్గర మొదటి వ్యాను నంబరు కొట్టారు. వరస గడి ఖాళీ. రెండో వ్యానుకీ అంతే. కాసేపట్లో చక్రకేళి గెలల వ్యాన్లు రోడ్డు దాకా బారులు తీరాయి. హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి.

"ఏంటండి ఇది? సరుకంతా ఎండలో మాడిపోతుందండి. ఎక్కడ దించమంటారు, నా నెత్తి మీదా?" వీరబ్రహ్మం గారు చిందులు తొక్కారు.

హారతి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ప్రసన్నకి మాత్రం ఎన్నాళ్లకో ప్రాణం హాయిగా ఉంది. హారతి లాప్‌టాప్ మీద వంగి, చెమట తుడుచుకుంటూ వెతికి వెతికి, చివరికి తనే పట్టుకుంది. ఆ ఒక్క మాటా చేర్చగానే వరస కనబడింది, వ్యాన్లు కదిలాయి.

"నాదే తప్పండి. కాల్ చేసే చోట అవుట్‌పుట్ అని రాయడం మర్చిపోయాను," అంది తల వంచుకుని.

నాగేశ్వరప్రసాద్ గారు ప్రసన్న వైపు తిరిగారు. "నువ్వు చెక్ చేశావు కదమ్మా?"

ప్రసన్న నోరు తెరిచేలోపే హారతి అడ్డుపడింది. "అక్కనేం అనకండి. అక్కకి ఫంక్షన్లే అలవాటు, పాపం. ఇలాంటి ప్రొసీజర్లు ఎప్పుడూ రాయలేదుగా, ఈ సంగతి తెలిసుండదండి."

"అదీ నిజమేలే," అన్నారాయన మెత్తగా. "పోనీలే ప్రసన్నా. హారతి దగ్గర నిదానంగా నేర్చుకుందువుగాని."

ఊఁ అంటే చాలు, ప్రసన్న గట్టెక్కిపోయేదే. కానీ ఆ 'పాపం' కంట్లో కారం కొట్టినట్టు మండింది. నేర్చుకోవాలా? దీని దగ్గరా?

"నాకు తెలియకపోవడం ఏంటండీ!" మార్కెట్టంతా వినబడేలా అరిచింది. "కోడు తెరవగానే కనబడింది నాకు! వరస పక్కన ఆ మాట లేదని నిన్న మధ్యాహ్నమే చూశాను!"

హారతి తలెత్తింది.

"మరి చెప్పలేదేంటక్కా?" అంది.