గట్టి కమాన్లు

ఇరవై ఏడు, కాదు ఇరవై ఎనిమిది, మధ్యలో వచ్చిన ఆ చిన్నదాన్ని కూడా లెక్కలో వేసుకోవాలా వద్దా, వేసుకోవాల్సిందే, దానికి కూడా ఆవిడ పెదవి కొరుక్కుంది కదా, చిన్నాస్పత్రి గేటు దాటిన దగ్గర్నుంచి ఇరవై ఎనిమిది కుదుపులు, అంబులెన్సు వెనక బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న కమాన్ల మేస్త్రి వాటిని లెక్కపెట్టకుండా ఉండలేకపోతున్నాడు, ముప్పై ఏళ్లుగా షెడ్డులో బండ్ల కింద పడుకుని, బరువూ కుదుపూ మోసే ఉక్కుపట్టీల కమాను కట్టలు విప్పి బిగించినవాడు, కుదుపు తగిలితే చాలు, అది ఏ చక్రం నుంచి వచ్చిందో చెప్పేస్తాడు, ఇది ఎడమ వెనకది, ఇది వెనక రెండూను, ఎదురుగా స్ట్రెచర్ మీద అతని భార్య, స్నానాలగది గుమ్మంలో పడి తుంటి ఎముక విరిగి, నడుముకీ కాళ్లకీ పట్టీలు వేసి కట్టేసిన భార్య, కుదుపు కుదుపుకీ అమ్మా అనబోయి సగంలోనే మింగేస్తోంది, ఆ మింగడం చూడలేక కిటికీ వైపు తిరిగాడు, కిటికీ అద్దానికి తెల్లరంగు పూసేశారు, బయట ఏమీ కనబడదు, రెండు రోజులుగా కునుకు లేని కళ్లకి ఆ తెలుపు కూడా గుచ్చుకుంటోంది.

పెద్దాస్పత్రి ఇంకా ఇరవై కిలోమీటర్లు, ఐదింటికల్లా చేరకపోతే ఎముకల డాక్టరు వెళ్లిపోతాడు, మళ్లీ వచ్చేది మూడు రోజుల తరవాత, ఆ మూడు రోజులూ ఈ విరిగిన ఎముకతో ఆవిడ అలాగే పడి ఉండాలి, డ్రైవరు మధ్య కిటికీ తీసి అన్నా, మెల్లగా పోనివ్వనా అని అడిగాడు, అతను స్ట్రెచర్ తల దగ్గర కూర్చున్న నర్సు వంక చూశాడు, నర్సు గడియారం చూసింది, నాలుగున్నర, వద్దు పోనీ అన్నాడు, అన్నాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది, ఎందుకంటే మెల్లగా పోతే కుదుపు కాస్త తగ్గుతుందని బండిలో ఉన్న నలుగురిలోనూ అందరికంటే బాగా తెలిసినవాడు తనే, ఇంకో సంగతి కూడా తనకే తెలుసు, ఈ బండి ఇంత గట్టిగా ఎందుకుందో, దీన్ని ఇంత గట్టిగా చేసిన మహానుభావుడెవరో.

పోయినేడు ఇదే డ్రైవరు వణికిపోతూ షెడ్డుకి వచ్చాడు, అన్నా, నీకు దణ్ణం పెడతా, వంతెన దగ్గర మలుపులో బండి పక్కకి ఒరిగిపోయింది, లోపల పేషెంటు, ఆక్సిజన్ సిలిండరు, ఒక పక్క చక్రాలు లేచిపోయాయనుకున్నా, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిప్పుతున్నా, అన్నాడు, నిజమే, మెత్తటి కమాన్లు, మెత్తటి షాకులు, అదే షాక్ అబ్జార్బర్లు, గుంతలో పడితే తెలియదు గానీ మలుపు తిరిగితే చాలు మనిషి తూలినట్టు తూలుతుంది, మెత్తగా ఉంటే ఒరుగుతుంది, గట్టిగా ఉంటే ఎగరేస్తుంది, రెండూ కావాలంటే కుదరదు తమ్ముడూ, ఏదో ఒకటి చెప్పు అన్నాడు తను, ఒరగకూడదు అన్నా, అంతే, అన్నాడు వాడు, తను కమాను కట్టకి రెండేసి ఉక్కుపట్టీలు ఎక్కువ వేశాడు, షాకులు గట్టివి బిగించాడు, ఆ మలుపులోనే నాలుగు సార్లు తిప్పి చూశాడు, బండి గోడలా నిలబడింది, డ్రైవరు చేతులు పట్టుకుని వదల్లేదు, ఆ పూట అన్నం కూడా రుచిగా అనిపించింది.

తిప్పి చూసేటప్పుడు స్ట్రెచర్ మీద ఏం పెట్టారు, ఇసుక బస్తాలు, రెండు, కలిపి అరవై కిలోలు, మనిషి బరువుండాలని తూకం వేసి మరీ పెట్టాడు, పట్టీలు కూడా వేశాడు, పనిలో తేడా రానివ్వడు కదా, వెనక ఎవరూ కూర్చోలేదు, తను డ్రైవరు పక్కన, మెత్తటి సీట్లో, తిరిగొచ్చి కాగితం మీద రాశాడు, రోడ్డు పట్టు చాలా బాగుంది, కుదుపు పరవాలేదు, ఎవరికి పరవాలేదు, ఇసుక బస్తాకి, అది అబ్బా అనదు, దాన్ని అడిగి రాసినట్టే రాశాడు, అబ్బ, ముప్పై ఒకటి, ఈసారి ఆవిడ మింగలేకపోయింది, సన్నగా, పిల్లి కూన మూలిగినట్టు, నర్సు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి అయిపోవచ్చిందమ్మా అంది, ఎక్కడ అయిపోవచ్చింది, ముందు వంతెనుంది, వంతెన నిండా అతుకులే.

ఇదిగో మలుపు, ఒంటికి తెలుస్తోంది, ఉన్నట్టుండి హారన్, డ్రైవరు నోట ఒక బూతు, బండి కుడికి కొట్టింది, మళ్లీ ఎడమకి, తెల్ల అద్దం అవతల పెద్ద నీడ ఒకటి సర్రున దాటిపోయింది, సగం రోడ్డు మీద ఆపేసిన లారీ అట, మధ్య కిటికీలోంచి డ్రైవరు ఊపిరి పీల్చుకుంటూ చెప్పాడు, చూశావా అన్నా, పాత కమాన్లయితే ఈపాటికి కాలవలో ఉండేవాళ్లం, నీ చెయ్యి చల్లగుండ, అన్నాడు, నిజం, నూటికి నూరు పాళ్లూ నిజం, అంత కోతకీ బండి ఏ పక్కకీ ఒరగలేదు, ఛాతీ పొంగాల్సిన క్షణం, పొంగలేదు, అలసటగా ఉంది అంతే, ఎందుకంటే ఆవిడకి లారీ తెలియదు, కాలవ తెలియదు, జరగనిది ఎవరికి మాత్రం తెలుస్తుంది, ఆ వెంటనే వచ్చిన వంతెన అతుకు మాత్రం తెలిసింది, ఒకటి, రెండు, మూడు, కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి.

మళ్లీ కట్టమంటే మళ్లీ ఇలాగే కడతాడా, కడతాడేమో, ఒక పట్టీ తగ్గిస్తాడేమో, అది కాదు, అసలు ఒక్కరినైనా అడిగాడా, షెడ్డుకి వచ్చేది డ్రైవర్లే, కాళ్ల మీద నిలబడి వచ్చి అన్నా అని చెప్పుకోగలిగినవాళ్లే, ఈ స్ట్రెచర్ మీద పడుకున్నవాళ్లు ఒక్కసారి ఎక్కి దిగిపోతారు, లేదా దిగనే దిగరు, వాళ్లలో ఎవరొచ్చారు షెడ్డుకి, ఎవరూ రాలేదు కాబట్టి ఎవరికీ నొప్పి లేదనుకున్నాడు, ఆర్నెల్లుగా ఈవిడ ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తోంది, చూస్తూనే ఉన్నాడు, చెప్పలేదు కాబట్టి బాగానే ఉందనుకున్నాడు, సిగ్గుగా అనిపించింది, అరవయ్యేళ్లు మీద పడుతున్నవాడికి, నర్సు ఎదురుగా, ఒళ్లంతా సిగ్గు.

ఈ బండి కమాన్లు కట్టింది నేనే, అన్నాడు ముందుకు వంగి, తెలుసు, అంది ఆవిడ కళ్లు తెరవకుండానే, ఎక్కించేటప్పుడే ఆ డ్రైవరు చెప్పాడుగా, వదినా, భయం లేదు, అన్న కట్టిన బండి అని, మరి ఇంత నొప్పి పెడుతుంటే నన్నొక్క మాట అనలేదేం, అని అడిగాడు, అంటే ఏం చేస్తారు, వంతెన మీద జాకీ వేసి విప్పుతారా, అంది, నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది, అతనికి నవ్వు రాలేదు, ఆర్నెల్లుగా గోడ పట్టుకుని ఎందుకు నడిచావు, ఎక్కడ నొప్పి, చెప్పు, అన్నాడు, ఆవిడ కళ్లు తెరిచి, ఈ మనిషికి ఏమైందన్నట్టు చూసింది, ఎక్కణ్ణుంచి చెప్పమంటారు, మొదట్నుంచి, మొదట్నుంచంటే పెద్దాస్పత్రి వచ్చేస్తుందండీ, రానీ, అన్నాడు, ఆవిడ, ముందు మోకాలు పట్టేసేది, బట్టలు ఉతికిన రోజున, అని మొదలుపెట్టి, అతుకు దగ్గర ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ, చెబుతూనే ఉంది, మోకాలు, నడుము, పొద్దున లేవలేకపోవడం, మీరు టీ తాగి వెళ్లిపోయాక మళ్లీ పడుకోవడం, ఒక్కటి కూడా మరిచిపోలేదు, అన్నీ వరసగా ఉన్నాయి, ఎవరో అడుగుతారని సిద్ధంగా పెట్టుకున్నట్టే, ఇన్నేళ్లూ ఈవిడ ఏమీ చెప్పే మనిషి కాదనుకుంటూ వచ్చాడు, తను అడగలేదు, అంతే.