లూసమ్మగారి కార్నేషన్లు

దగ్గరికి జరగండి పిల్లలూ. ఆ మడత కుర్చీల మీద ఊగకండి, ఇలా కార్పెట్ మీదకి వచ్చి కూర్చోండి. అమెరికాలో ఈ ఇర్వింగ్ ఊళ్లో మన తెలుగు సంఘానికి సొంత చర్చి లేని రోజుల ముచ్చట ఇది, ఎనభై మూడు ప్రాంతం.

అమెరికన్ల ఆరాధన అయ్యాక మధ్యాహ్నం వాళ్ల హాలు మనకి ఇచ్చేవారు. మే నెలలో మదర్స్ డే ఆదివారం, వాళ్లలాగే మనవాళ్లూ తలా ఒక కార్నేషన్ పువ్వు గుండె మీద పెట్టుకునేవారు. తల్లి ఉంటే ఎర్రది, పోతే తెల్లది. గుమ్మం దగ్గర పువ్వులు పంచే లూసమ్మగారు మాత్రం అన్నీ తెల్లవే తెచ్చేవారు. మనిషి చేతిలోకి వెళ్లాక పువ్వు తన రంగు తనే తేల్చుకునేది. తల్లి ఉన్నవాళ్ల చేతిలో అంచుల నుంచి ఎరుపెక్కేది. తెల్లగా ఉండిపోయినవాళ్లు ఆ పూటంతా వాళ్లమ్మ చేపల పులుసు గురించి చెప్పుకునేవారు.

మణికి తొమ్మిదేళ్లు. మూడేళ్ల కిందట తల్లి పోయింది. ఏడాది తిరిగాక తండ్రి అబ్రహాం, బాపట్లలో నవోమిని పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. ఎయిర్‌పోర్టులో అలవాటు కొద్దీ, "మణీ, ఆంటీకి వందనాలు చెప్పు" అన్నాడు. అదే నిలిచిపోయింది. జడ వేసినా ఆంటీయే, జ్వరంలో పక్కన కూర్చున్నా ఆంటీయే.

ఆ ఆదివారం ఇంట్లో బయల్దేరేముందు నవోమి చెప్పేసింది. "షికాగోలో మా అక్క దగ్గరికి వెళ్లిపోతానండీ. బుధవారానికి టికెట్ బుక్ చేశాను. ఈ పిల్లకి నేను అక్కర్లేదు."

"చిన్నపిల్ల కదా, నవోమీ..."

"ఈ ఏడు చర్చికే రానంటోంది. నా పక్కన నిలబడ్డానికి నామోషీ."

మొత్తానికి మణిని తీసుకొచ్చారు. వరసలో తన వంతు రాగానే చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"నాకు ఫ్లవర్ వద్దు."

"ఏమే, కరుస్తుందా అది? పోయినేడు తీసుకున్నావుగా, తెల్లగానే ఉందిగా?" అన్నారు లూసమ్మగారు.

నవోమి తల దించుకుని వరసలోంచి పక్కకి జరిగింది.

మణి లూసమ్మగారి చెవిలో గుసగుసలాడాననుకుంది గానీ, హాలంతా వినబడింది. "ఈసారి రెడ్ అయిపోద్ది. నాకు తెలుసు. అప్పుడు మా మమ్మీ, నేను ఫర్గెట్ చేశాను అనుకుంటుంది."

లూసమ్మగారు రెండు పువ్వులు తీశారు. "ఓసి పిచ్చిమొహమా, రెండు చేతులున్నాయి కదే నీకు" అని చెరో చేతిలో ఒక పువ్వు పెట్టారు.

ఒకటి తెల్లగానే ఉంది. రెండోది ఎర్రబడింది.

"కానివ్వండమ్మా, పాట మొదలెట్టాలి" అన్నారు వెనకాలవాళ్లు.

మణి తెల్లపువ్వు తనే పెట్టుకుంది. ఎర్రదాన్ని పట్టుకుని నవోమి దగ్గరికి వెళ్లింది. "ఆంటీ, ఇది పెట్టుకోవడం నాకు రావట్లేదు. పిన్ చేయి."

నవోమి మోకాళ్ల మీద కూర్చుంది. గుచ్చబోతే పిన్ను వంకర పోయింది.

"టికెట్..." అన్నాడు అబ్రహాం మెల్లగా.

"క్యాన్సిల్ చేయండి" అంది నవోమి, తలెత్తకుండా. "ముందు ఇంకో పిన్ను ఉందేమో అడగండి."

మణి ఆ తర్వాత కూడా ఆంటీ అనే పిలిచింది. నవోమి దిద్దలేదు.

ఇక లేవండి. మీవాళ్లు కార్లు స్టార్ట్ చేసి ఎదురు చూస్తున్నారు. ఇళ్లకెళ్లి వేడివేడిగా అన్నం తినండి. వడ్డించేవాళ్లని కూడా పక్కన కూర్చోమనండి.