వినేవాళ్లు లేని నంబరు

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ సర్వర్‌లోకి వెళ్లే కమాండు కొట్టాను. తెర మీద ఏమీ రాలేదు. గుప్పెడు కాయలు అయిపోయాయి, ఇంకో గుప్పెడు చేతిలోకి తీసుకున్నాను, అప్పుడు వచ్చింది "టైమ్‌డ్ అవుట్" అని. ఎదురుచూసి చూసి విసిగిపోయాను, అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు అని దానర్థం. మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే. లోపలి గదిలోంచి అత్తమ్మ, "ఏందీ వసుధా, కూరగాయ అయిందా, కంప్యూటర్ల కూసున్నవా?" అంది. రెండూ చేస్తున్నానని చెప్పలేదు. ఈ ఇంట్లో రెండు పనులు ఒకేసారి చేస్తే ఒకదానికే లెక్క వస్తుంది, ఆ ఒకటీ వంటే. ఆ సంగతి నాకెప్పుడో తెలిసిపోయింది.

నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పాలి. డయాగ్నస్టిక్ ల్యాబుల రిపోర్టులుండే సర్వర్లను చూసుకునే చిన్న కంపెనీ మాది. ఆఫీసు బేగంపేటలో. సర్వర్లేమో ముంబైలో ఎక్కడో చల్లటి గదిలో ఉంటాయి, వాటి మొహం మాలో ఎవరూ చూడలేదు. మనమున్న చోటు నుంచే వాటిలోకి వెళ్లి పనిచేసుకునే దారి పేరు ఎస్‌ఎస్‌హెచ్. ఒక్కో సర్వర్‌కు వేలకొద్దీ తలుపులుంటాయి, ప్రతి తలుపుకూ ఒక నంబరు, మేం పోర్టు అంటాం. లోకమంతటా ఎస్‌ఎస్‌హెచ్‌కు అలవాటైన నంబరు ఇరవై రెండు. మా ఇంటి నుంచి ఆ ఇరవై రెండుకు పిలుపు వెళ్లడం ఉన్నట్టుండి ఆగిపోయింది.

అత్తమ్మ మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచి నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ఆ ఆలోచన నా భర్త వేణుమాధవ్‌దే. "ఆయాను పెడితే అమ్మకు నచ్చది. నువ్వు ఇంట్లకెల్లి చేసుకో, నీకు సుత ట్రెయిన్ తక్లీఫ్ తప్పుతది" అన్నాడు. నా తక్లీఫ్ ఒకరికి కనిపించిందని సంబరపడి ఒప్పుకున్నాను. తర్వాత కొన్నాళ్లకు మా మేనేజర్ గ్లోరియా ఫోన్ చేసి, టీమ్‌కి లీడ్‌గా నన్నే అనుకుంటున్నానంది. ఒక నెల పాటు పొద్దుటి డ్యూటీ నేనే చూడాలి. ల్యాబులు తెరిచే వేళకు ఏ సర్వరైనా పడిపోతే వెంటనే లేపి నిలబెట్టాలి. నెల గడిచాక లీడ్ నేనే. ఇంటి నుంచి కుదరదంటే మాత్రం ఇంకొకరిని చూసుకుంటానని కూడా చెప్పింది. ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ చెప్పాను. మూడో తరగతి చదివే మా లాస్య చప్పట్లు కొట్టింది. ఆ వారంలోనే లైను మూగబోయింది.

ఫోను డేటా మీద మాత్రం వెళ్లగలిగేదాన్ని. కానీ మా కింది వాటాలో ఫోను మాటలకు తప్ప డేటాకు సిగ్నల్ రాదు, డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే వస్తుంది. మల్కాజ్‌గిరిలో మా గల్లీ అంతటికీ ఆ నెల నేనొక వింత. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, నెత్తిన తువ్వాలు వేసుకుని, కింది నుంచి వచ్చే కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంటూ పనిచేసేదాన్ని. పక్కింటి ప్రేమమణి ఆంటీ బట్టలు ఆరేస్తూ, ఇంట్లో జాగా లేదామ్మా అని అడిగింది. అత్తమ్మకు కాపడం వేళ దాటితే కింది నుంచి పిలుపు, ఎక్కడం, దిగడం. ఎండలో గచ్చు కాలుతోందని నాకు తెలిసేది, కానీ కాళ్లకు తెలిసేది కాదు. ఒకరోజు పని సగంలో సిగ్నల్ పోయింది. ఎక్కడో ఒక ల్యాబులో రిపోర్టుల కోసం జనం వరసలో నిలబడిపోయారు. గ్లోరియా కోప్పడలేదు. "నీ పని మీద నాకు డౌట్ లేదు వసుధా. కానీ డాబా, సిగ్నల్ అని ల్యాబ్ వాళ్లకు చెప్పలేను కదా" అంది.

ఇంట్లో వైఫై పెట్టెను వేణుమాధవ్ తప్ప ఎవరూ ముట్టరు. సికింద్రాబాద్‌లో అతనికి సీసీ కెమెరాల షాపు ఉంది, ఈ తీగల పని అతనికి వెన్నతో పెట్టిన విద్య. రోజూ షాపు నుంచి రాగానే దాని ముందు కూర్చుని చూసేవాడు. అంతా మంచిగానే ఉంది, గడబిడ మీ కంపెనీలోనే ఉండొచ్చు అనేవాడు. నెట్ కనెక్షన్ అతను వచ్చి చూసి, తమ వైపు నుంచి ఏదీ ఆపలేదని ఒట్టేసినట్టు చెప్పి పోయాడు. నేను డీలాపడి కూర్చుంటే వేణుమాధవ్ మిర్చీబజ్జీల పొట్లం తెచ్చి పక్కన పెట్టేవాడు. "గింత పరేషాన్ ఎందుకు వసూ? మానెయ్ రాదు. నిన్నెవరన్న సంపాదించుమన్నరా?" అనేవాడు. ఆ మాట ఎంత మెత్తగా అనేవాడంటే, మానేయడం నేనే కోరుకుంటున్నానేమో అని నాకే అనుమానం వచ్చేది.

చివరికి ఉపాయం నాకే తట్టింది. ఇరవై రెండో నంబరును ప్రపంచంలోని దొంగ ప్రోగ్రాములన్నీ రోజంతా తడుతూనే ఉంటాయి. నంబరు మారిస్తే తాళం వేసినట్టు కాదు గానీ ఆ రొద తగ్గుతుంది, దాంతోపాటు నా తిప్పలూ తీరితే తీరొచ్చు. గ్లోరియా సరేనంది. ఈ పనికి ఒక వరస ఉంది. ముందు సర్వర్ కాపలాలో, అంటే ఫైర్‌వాల్‌లో, కొత్త నంబరుకు దారి ఇవ్వాలి, తర్వాత నంబరు మార్చాలి, పాత కనెక్షన్ తెంచకుండానే ఇంకో విండోలోంచి కొత్తదాన్ని పరీక్షించాలి. వరస తప్పితే మనింట్లోకి మనమే పోలేం. అంతా డాబా మీదే చేశాను. నలభై ఎనిమిది ఇరవై రెండు అని ఏదో మనసుకు తోచిన నంబరు పెట్టాను. కిందికి వచ్చి, వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టి, కమాండులో ఆ నంబరు చేర్చి కొట్టాను. కన్ను మూసి తెరిచేలోపు లోపలికి వెళ్లిపోయాను. సంతోషించాలి కదా అనుకున్నాను. దోసెలు పోశాను.

ఆ రోజు భోజనాల దగ్గర వేణుమాధవ్, డాబా మీదికి పోవడం లేదేమని అడిగాడు. సంగతి చెప్పాను. తన షాపులో కెమెరాలకూ ఇట్లాగే నంబర్లు మారుస్తామని, మంచి ఆలోచనే చేశానని మెచ్చుకున్నాడు. ఏ నంబరు పెట్టావని అడిగాడు. చెప్పాను. నా పని గురించి అతను అంత వివరంగా అడగడం అదే మొదటిసారి. ఇంకో గరిటె పప్పు వేశాను.

తెల్లారి కమాండు కొడితే టైమ్‌డ్ అవుట్. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే ఒక ల్యాబు నుంచి ఫోను, లాస్య స్కూలు బెల్టు కనబడదు, అత్తమ్మకు వేడినీళ్లు కావాలి. మొదట నన్నే అనుమానించుకున్నాను. నంబరు తప్పు కొట్టానేమో, నిన్న ఏదో సరిగ్గా చేయలేదేమో. ఇంట్లో ఏది పాడైనా ముందు నన్ను నేను విచారించుకోవడం నాకు అలవాటు. డాబా ఎక్కి ఫోను మీద కొట్టాను. వెంటనే తెరుచుకుంది. అంటే సర్వర్ బాగానే ఉంది, నంబరూ సరైనదే. ఇరవై రెండును నెట్ కంపెనీ ఆపిందంటే నమ్మొచ్చు. నిన్న పొద్దున నా మనసుకు తోచిన నంబరు కంపెనీకి ఎట్లా తెలుస్తుంది? ఈ ఇంట్లో ఆ నంబరు నేను ఒక్కరికే చెప్పాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి టెస్టింగ్ రాదేమో.

మా పనిలో రెండు రకాల జవాబులుంటాయి. తలుపు దాకా పిలుపు వెళ్లి, లోపల వినేవాళ్లెవరూ లేకపోతే సర్వర్ ఆ మాటే చెప్తుంది. "రిఫ్యూజ్డ్" అని అప్పటికప్పుడు వస్తుంది. దారిలోనే ఎవరైనా, ఇంటి వైఫై పెట్టె అయినా సరే, పిలుపును మింగేస్తే ఏ జవాబూ రాదు, కూర్చుని కూర్చుని టైమ్‌డ్ అవుట్ అవుతుంది. ఆ మధ్యాహ్నం అసలు నంబరును ఇంకోదానికి మార్చి, అది గ్లోరియాకూ టీమ్‌కూ మాత్రమే చెప్పాను. తర్వాత ఉత్తుత్తికే డెబ్బై మూడు పదహారు అనే నంబరుకు దారి తెరిచి, అక్కడ వినేవాళ్లెవరినీ పెట్టకుండా వదిలేశాను. ఇంట్లోంచి కొట్టి చూస్తే రిఫ్యూజ్డ్ అని ఠక్కున వచ్చింది. రాత్రి అన్నం తినేటప్పుడు వేణుమాధవ్‌కు చెప్పాను, మళ్లీ మార్చాను, ఈసారి డెబ్బై మూడు పదహారు అని. అబద్ధం ఆడుతున్నా నా గొంతు అత్తమ్మకు మాత్రల వేళ చెప్తున్నంత మామూలుగా ఉంది. "మంచి పని చేసినవ్" అన్నాడు.

పొద్దున్నే టీ పెట్టి డెబ్బై మూడు పదహారును పిలిచాను. టీ పొంగింది, స్టవ్ కట్టేశాను, వడకట్టాను, తల్లికీ కొడుక్కీ ఇచ్చి వచ్చాను. అప్పటికి టైమ్‌డ్ అవుట్ అని ఉంది. డాబా మీదికి వెళ్లి ఫోను మీద అదే నంబరు కొడితే రిఫ్యూజ్డ్ అని ముంబై నుంచి తక్షణం జవాబు. ఆ యంత్రానికి ఉన్న మర్యాద మా ఇంటికి లేకపోయింది.

కోపం వస్తుందని ట్యాంకు పక్కన కూర్చుని ఎదురుచూశాను. రాలేదు. ఏడుపూ రాలేదు. అవి రాకపోవడం చూసే నాకు భయం వేసింది. ఈ ఇంట్లో నన్నెవరూ ఏనాడూ కాదనలేదు. ఉద్యోగం చేస్తానంటే చూద్దామన్నారు, పై కోర్సు చదువుతానంటే పిల్ల జెర పెద్దది కానీ అన్నారు, ఆఫీసు వాళ్లతో పుణె వెళ్లొస్తానంటే అమ్మను అడుగుతానన్నాడు, ఇంకా అడుగుతూనే ఉన్నాడు. కాదంటే కొట్లాడేదాన్ని. చదువుకున్నదాన్ని, నోరున్నదాన్ని, ఎందుకు కాదని నిలదీసేదాన్ని. కాదనకుండా ఊరుకుంటే నేనే అడిగి అడిగి, అలిసిపోయి, నాకే అక్కర్లేదేమో అని సర్దుకునేదాన్ని. వేణుమాధవ్ ఈ మధ్య ఒక ల్యాబులో కెమెరాలు బిగించడానికి వెళితే, మీరు వసుధ మేడమ్ వాళ్లాయనా అని అడిగారట. నవ్వుతూ చెప్పాడు. ఆ వారంలో ఆ మాట నవ్వుతూనే చాలాసార్లు చెప్పాడు. అందులోని నొప్పి నాకు ఒక్కసారి కూడా వినిపించలేదు. నా మీద నాకే జాలేసింది.

అక్కడి నుంచే గ్లోరియాకు ఫోన్ చేశాను. తర్వాత కిందికి దిగి ఉప్మా చేశాను. శనివారం కాబట్టి లాస్య బడికి వెళ్లే తొందర లేదు, పక్కింట్లో ఆడుకుంటోంది. అత్తమ్మ కుర్చీలో కాలు చాపుకుని ఉంది. వేణుమాధవ్ ప్లేటు తీసుకుంటూ, "ఇయ్యాల సుత లైను వస్తలేదా? పాపం. అమ్మా, నువ్వన్న చెప్పు, ఆరోగ్యం ఖరాబ్ చేసుకుంటున్నది" అన్నాడు.

"డెబ్బై మూడు పదహార్ల ఎవరూ లేరు" అన్నాను. "అది ఉత్త నంబరు. మీకొక్కరికే చెప్పిన."

అతని చేతిలో చెంచా ఆగింది. అతనూ ఈ పనివాడే, విడమర్చి చెప్పే అవసరం రాలేదు. అత్తమ్మ ఏం నంబర్రా అని అడిగితే, ఏం లేదమ్మా, నెట్టు అన్నాడు. నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "నీ మంచికే చేసిన వసూ. వద్దంటే కొట్లాట అయితది. కొన్ని దినాలు నడవకుంటే నువ్వే అర్థం చేసుకుంటవ్ అనుకున్న." నిజంగానే నమ్మి చెప్తున్నాడు. అతని మొహంలో తప్పు చేసినవాడి జాడే లేదు. అప్పుడు, ఇన్ని రోజుల్లో మొదటిసారి, నా లోపల ఏదో కదిలింది. అది కోపమేనని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

సోమవారం నుంచి ఆఫీసుకు పోతున్నానని, పొద్దుటి డ్యూటీ అక్కడి నుంచే చేస్తానని, గ్లోరియాతో మాట్లాడేశానని చెప్పాను. అత్తమ్మ గాభరాగా, మరి నా కాపడం, నా మాత్రలు అంది. ఆమె భయంలో తప్పులేదు. ఇన్నాళ్లూ నేను తప్ప ఆమెకు ఎవరూ చేసింది లేదు.

"మీ కొడుకు చేస్తడు అత్తమ్మా. షాపు తెరిచేది ఎట్లైన లేటుగనే గదా" అన్నాను.

వేణుమాధవ్ ప్లేటు పక్కన పెట్టి లేచాడు. ఇంత చిన్నదానికి ఇంత మొండితనం ఎందుకన్నాడు. వైఫై పెట్టె దగ్గరికి వెళ్లి, నా వైపు తిరిగి, బతిమాలుతున్నట్టు అన్నాడు. "సరే, అన్ని తెరుస్త. ఇప్పుడు అసలు నంబరు ఏదో చెప్పు, నేనే సెట్ చేస్త."

"చెప్పను" అన్నాను.

అతను నవ్వబోయి ఆగిపోయాడు. పెళ్లయినప్పటి నుంచి నా ఫోను లాకు, బ్యాంకు కార్డు పిన్ను, మెయిలు పాస్‌వర్డు అన్నీ అతను అడగకముందే నేనే చెప్పేశాను, అదే ప్రేమనుకుని. ఇప్పుడు నాదంటూ అతనికి తెలియని నంబరు ఇదొక్కటే. సోమవారం పొద్దున మల్కాజ్‌గిరిలో లోకల్ ఎక్కాను. సికింద్రాబాద్ వచ్చేలోపు మిగతావన్నీ మార్చేశాను.