దిష్టిబొమ్మకు అద్దాల రవిక

మా గుడిసెలో తలుపు వెనక హైమ కన్‌స్ట్రక్షన్స్ వాళ్ల క్యాలెండర్ ఉండేది. సత్తుపల్లి కంపెనీ అది. ఏడాది అయిపోయి తేదీల కాగితాలు చించేసినా, బొమ్మలున్న పై అట్టను మాత్రం యాడి తీయనివ్వలేదు. మా లంబాడీ మాటలో అమ్మను యాడి, నాన్నను బాపు అంటాం. అట్ట మీద రైసు మిల్లు, బడి, పంచాయతీ ఆఫీసు, నీళ్ల ట్యాంకు బొమ్మలు వరసగా ఉండేవి. కింద ‘ఏ కట్టడమైనా నమ్మకంగా కట్టబడును’ అని పెద్దక్షరాలు.

మా బాపు హేమ్లా ఆ కంపెనీలో సెంట్రింగు పని చేసేవాడు. స్లాబు పోసే ముందు కింద కర్రలు నిలబెట్టి, పైన పలకలు పరిచే పని. యాడి ఇసుక, కంకర మోసేది. చదువు రాదు కాని ఏ బొమ్మ ఏ ఊరిదో చెప్పేది. మిల్లు బొమ్మ మీద వేలు పెట్టి, “గీ గోడకు ఇసుక మొత్తం నా నెత్తి మీదికెల్లే వోయింది” అనేది.

ఒక్కటే ఆమె మనసులో మిగిలిపోయింది. కట్టిన ఏ భవనాన్నీ పూర్తయ్యాక లోపలికి వెళ్లి చూడలేదు. గోడలకు సున్నం పడేసరికి కూలీలు వేరే ఊరికి లారీ ఎక్కుతారు. తర్వాత అటువైపు వెళ్లినా గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. వైరాలో సినిమా హాలు కడుతున్నప్పుడు మాత్రం పట్టుబట్టింది.

“గీ హాలు తెరిసినంక లోపలికి వోయి గూసుంట. నేల మీద గాదు, కుర్సీల.”

“టికెట్ లేకుంటె రానియ్యరు యాడీ.”

“కంకర మోసినదాన్ని. నన్నెవలాపుతరే?”

హాలుకు పైకప్పు పడకముందే ఆమెకు జ్వరం వచ్చింది. ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకుపోయే లోపలే మలేరియా మెదడుకెక్కిందన్నారు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి.

చనిపోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదని తండాలో పెద్దలు చెప్పారు. యాడి ఎర్ర లంగా, అద్దాల రవిక మూటకట్టి బాపు వాగు వైపు వెళ్లాడు. తిరిగొచ్చి, “నీళ్లల్ల ఇడిసిన” అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. అసలు నేను ఎవరినీ ఏమీ అడగను. బడిలో పేరు పిలిచినా తల పైకెత్తకుండానే పలికేదాన్ని.

పదో తరగతి పరీక్షలు అయ్యాక ఎండాకాలంలో బాపు నన్ను భద్రాచలం తీసుకుపోయాడు. అక్కడ కంపెనీ సర్కారు కోసం ఆడపిల్లల హాస్టల్ కడుతోంది. వానాకాలం నుంచి ఇంటర్ చదువుకు నేను అందులోనే చేరాలి. బస్సులో పోయినంతసేపూ, “నీ హాస్టలు నేనే కడుతున్న బిడ్డా” అని మూడు నాలుగు సార్లు అన్నాడు. గోడలకు నీళ్లు కొట్టే పని నాకు చెప్పారు.

సైటు దగ్గర దిగగానే నా కళ్ల మీద వెలుతురు పడింది. చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాను. పై అంతస్తు చివర గుంజకు దిష్టిబొమ్మ కట్టి ఉంది. తలకు నల్ల కుండ. సున్నంతో గుండ్రటి కళ్లు, మెలి తిరిగిన పెద్ద మీసం. ఆ మీసం కింద మా యాడి అద్దాల రవిక, ఎర్ర లంగా. గాలి వచ్చినప్పుడల్లా గడ్డి కూరిన చేతులు పక్కకు లేచి మళ్లీ కిందికి వాలుతున్నాయి.

అటువంటి రవికలు తండాలో చాలామందికి ఉంటాయి కదా అనుకున్నాను. మరునాడు నీళ్ల బకెట్‌తో పైకెక్కాక దగ్గరగా చూశాను. ఎడమ భుజం మీద ఒక అద్దం ఊడిపోతే, దాని చోట నేనే బాపు చొక్కా గుండీ కుట్టాను. ఆ తెల్ల గుండీ అలాగే ఉంది.

యాడితో పాటు తట్టలు మోసిన భీమక్క నా వెనకే వచ్చింది. నా ముఖం చూసి తట్ట దింపింది.

“మీ అయ్య చెప్పలేదా?”

తల అడ్డంగా ఊపాను.

“హాలు కాడ ముందటి బొమ్మ వానకు కుళ్లింది. పగిడయ్య మేస్త్రి పాత బట్టలడిగిండు. మీ అయ్య మూట ఇప్పి ఇచ్చిండు. అంతకుముందు ప్రతి సైటుల ఎవలో ఒకలు పడుడే. మీ అమ్మ ఎక్కినంక ఒక్కలు పడలే. హాలు అయింది, సత్రం అయింది, దమ్మపేటల తునికాకు గోదాము అయింది. కొత్త పని ఒప్పుకుంటే సారు ముందుగాల బొమ్మనే లారీ ఎక్కియ్యమంటడు.”

“మరి మీసమెందుకు పెట్టిండ్రు?”

“పగిడయ్యనడుగు. ఆడ బొమ్మంటే దిష్టి భయపడదంట. ఇంట్ల పెండ్లాన్ని చూస్తే ఈయనే వణుకుతడు.”

నాకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు బాపును అడిగాను. ఆయన చేతిలోని ముద్దను మళ్లీ కంచంలో పెట్టాడు.

“వాగు కాడికి వోయిన. నీళ్లల్ల వెట్టిన గని చెయ్యి ఇడువబుద్ధి గాలే. హాలు చూస్తనన్నది గద. పైనుంచన్న చూస్తదనుకున్న.”

“చూసిందా?”

“తెరిసే ముందటి రోజు బొమ్మను దించుతరు బిడ్డా.”

అంటే చనిపోయాక కూడా యాడిని గేటు బయటే ఆపారు. హాలు దగ్గర, సత్రం దగ్గర, గోదాము దగ్గర, ప్రతిచోటా సున్నం ఆరకముందే దింపి లారీలో వేశారు. ఆమెను అక్కడి నుంచి దింపాలి, మళ్లీ ఎక్కకుండా చూడాలి. ఆ ఎండాకాలమంతా నాకు ఇంకో ఆలోచన లేదు.

నీళ్లు కొడుతుంటే అద్దాల వెలుతురు తడి గోడ మీద చుక్కలు చుక్కలుగా పాకేది. నేను జరిగితే అదీ జరిగేది. గాలి వల్లనే అని నాకు తెలుసు. అయినా గాలి లేనప్పుడు కూడా ఆ చుక్కలు పై అంతస్తులో చివరి గది గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడేవి. లోపలికి పోయేవి కావు.

ఒకరోజు వెంకటనారాయణ గారు జీపులో వచ్చారు. కంపెనీ ఆయనదే. కూతురు హైమ పేరే కంపెనీకి పెట్టుకున్నారు. నేను అప్పటిదాకా అటువంటి వాళ్ల ముందు నోరు తెరిచి ఎరగను. బకెట్ అక్కడే పెట్టి ఆయన దగ్గరికి వెళ్లాను.

“సారూ, ఆ బొమ్మ మీది బట్టలు మా యాడివి. నాకియ్యండి.”

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశారు, తర్వాత బొమ్మను చూశారు. కసురుకుంటారనుకున్నాను. మెల్లగా మాట్లాడారు.

“హేమ్లా కూతురివా? చూడమ్మా, నేను మిల్లులు కట్టాను, హాలు కట్టాను, దేవుడి దగ్గరికొచ్చేవాళ్లకి సత్రం కట్టాను. ప్రతిచోటా ఎవరో ఒకరిని ఆసుపత్రికి మోసుకెళ్లాల్సి వచ్చేది. మీ అమ్మ పుణ్యమా అని ఇప్పుడది లేదు. మీ నాన్న కూడా పైనే కదా పనిచేసేది? బట్టలు తీసుకో, వద్దనను. రేపు ఆయనకేమన్నా అయితే ఎవరిని అడుగుతావ్?”

పగిడయ్య మేస్త్రి పక్కనే నిలబడి గడ్డం గోక్కుంటూ అన్నాడు. “దిష్టి తాగిన గుడ్డలు ఇంట్ల వెడితే ఇల్లు నిలువది బిడ్డా. ఊకో.”

పైన బాపు పలక అంచు మీద కూర్చుని మేకులు కొడుతున్నాడు. కాళ్లు గాలిలో వేలాడుతున్నాయి. నేను బకెట్ తీసుకుని తిరిగి వచ్చేశాను.

హాస్టల్ తెరవడానికి ముందు రోజు బొమ్మను దింపారు. సెంట్రింగు పలకలతో పాటు వైరాకు పంపాలి. అక్కడ బ్యాంకు భవనం మొదలవుతోంది. సారు వైరాలోనే ఉన్నారు. బాపు, పగిడయ్య బొమ్మను ఇసుక మీద పడుకోబెట్టారు. నేను సంచిలోంచి నా బడి బట్టలు తీశాను. నీలం లంగా, తెల్ల జాకెట్టు.

“బాపూ, గీటిని తొడుగు. యాడిని ఇడిసిపెట్టు.”

బాపు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నువ్వు బతికున్నదానివి బిడ్డా.”

“ముందటి బొమ్మలకు ఎవలి చొక్కాలేసిండ్రు? బతికున్నోళ్లయి గావా?”

పగిడయ్య అడ్డుపడ్డాడు.

“బొమ్మకు తొడిగేటందుకు నీ బట్టలైన అయితయి, సరే. మరి గివి ఏడ వెడతవ్? ఇంట్ల వద్దని చెప్పిన గద.”

“ఇంట్ల వెట్ట. హాస్టల్ల వెడత. హాస్టల్ ఎవలిల్లు గాదు గద.”

పగిడయ్య తలెత్తి భవనం వైపు చూశాడు. “సర్కారుది,” అని తనలో తను గొణుక్కున్నాడు. “సర్కారుకు దిష్టేంది. కుండ అదే, గుంజ అదే. సారుకు నేను చెప్పుకుంట.”

రవిక విప్పుతుంటే లోపలి గడ్డి వెచ్చగా తగిలింది. రోజంతా ఎండలో ఉంది కాబట్టి. నా జాకెట్టు దానికి సరిగ్గా పట్టింది. చేతుల దగ్గర లాగి తొడగాల్సిన పని కూడా పడలేదు.

మరునాడు పెద్దమనుషులు వచ్చి రిబ్బను కత్తిరించి పోయారు. నేను ట్రంకు పెట్టె మోసుకుంటూ వెళ్తే వాచ్‌మన్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. నాకు పై అంతస్తులో చివరి గది వచ్చింది. గదిలో ఎవరూ లేనప్పుడు పెట్టె తెరిచి రవికను, లంగాను తీశాను. కిటికీ దగ్గర కొత్త కుర్చీ ఉంది. దాని మీద లంగా పరిచి, రవికను వెనక్కి ఆనించి పెట్టాను. వెలుతురు చుక్కలు కప్పు నిండా పరుచుకుని కదలకుండా నిలబడ్డాయి. మేము చాలాసేపు కూర్చున్నాం.

ఆ తర్వాత వెలుతురు చుక్కలు గుమ్మం దగ్గర కనిపించలేదు. యాడి కలలోకి కూడా రాలేదు.

వానలు పట్టాక నాకు ఇంకొకటి మొదలైంది. గాలి వీస్తే చేతులు వాటంతటవే పక్కకు లేచేవి. బట్టలారేసేటప్పుడు, ప్రార్థనకు నిలబడ్డప్పుడు కూడా. నడుస్తుంటే మడమలు నేలకు ఆనుతున్నట్టు అనిపించేది కాదు. ఎప్పుడూ తల దించుకుని నడిచే నాకు అన్నీ పైనుంచి కనిపించేవి. ఎర్ర బస్సు పైకప్పు, దాని మీద కట్టిన కోళ్ల గంపలు, వైరా చెరువు అంచు.

ఒకరోజు క్లాసులో మేడం పాఠం చెబుతుండగా సెంట్రింగు పలక కొన పైకి లేవడం కనిపించింది. మడత పెట్టిన పాత లుంగీ, మేకుల సంచి, దాని పక్కన ఒక కాలు. “బాపూ” అని గట్టిగా అరిచాను. క్లాసంతా నవ్వింది. మేడం నన్ను బయటికి వెళ్లి ముఖం కడుక్కోమన్నారు.

ఆదివారం బాపు వచ్చాడు. మోచేతి దగ్గర చర్మం లేచిపోయి ఉంది. జామకాయలు నా చేతికిచ్చి, హాస్టల్ మెట్ల మీద కూర్చున్నాడు. మెట్ల అంచును చేత్తో తడిమి చూశాడు. అది ఆయన పోసిన మెట్టే.

“పలక జారింది బిడ్డా. కాలు వెట్టబోతున్న. ఎవలో పిలిసినట్టైంది, మన మాటల్నే. పైకి చూసిన. చూస్తే నువ్వు.” ఆగి, సర్దుకున్నాడు. “నీ బట్టలు. కాలు ఎనుకకు తీసిన. పలక కిందికి వోయింది.”

నేను జామకాయను తిప్పుతూ కూర్చున్నాను. క్లాసులో జరిగినది చెప్పలేదు.

“ఎప్పుడు దించుతరు బాపూ?”

“బ్యాంకు అయితే జూలూరుపాడుల పత్తి గోదామున్నది. అటెన్క ఖమ్మంల కల్యాణ మండపం. ఇంకో మిల్లు కూడ ఒప్పుకున్నడంట సారు.” ఆయన ముఖంలో కంపెనీకి పని దొరికిందన్న సంతోషమూ ఉంది, వేరే ఏదో కూడా ఉంది. “మంచిగనే చూసుకుంటున్న. వానకు తడవకుండ ప్లాస్టిక్ పట్ట కట్టిన.”

“మీసం?”

బాపు కింది మెట్టు వైపు చూశాడు. “వెట్టకు, నా బిడ్డవి అని చెప్పిన. పగిడయ్య చెయ్యికి అలవాటైపాయె. నేను భోజనం కాడికెళ్లి వచ్చేసరికి వెట్టిండు.”

ఆయన బస్సు వెళ్లిపోయాక గదికి వచ్చాను. నా పక్క మంచం పిల్ల సుబ్బరత్నం జామకాయ కొరుకుతూ నన్నే చూస్తోంది.

“ఏంది రూప్లీ, మాటిమాటికి మూతి తుడుసుకుంటవ్?”

తుడుచుకుంటున్నట్టు నాకు తెలియదు. చెయ్యి చూసుకున్నాను. వేళ్లకు తెల్లగా అంటింది. హాస్టల్ గోడలకు కొత్త సున్నం కదా, ఎక్కడో ఆనుకుని ఉంటాను అనుకున్నాను. కిటికీలోంచి గాలి వచ్చింది. సుబ్బరత్నం చూడకముందే రెండు చేతులూ మంచం పట్టె కింద పెట్టి గట్టిగా పట్టుకున్నాను.