దిగిపోకండి, ఇంకో అంకె ఉంది

నేను ఒక బరువు చూసే మిషన్ని. అంతటితో ఊరుకుంటే నా పరువు పోతుంది. ఉత్త బరువు చెప్పడం ఉల్లిపాయల కాటాకి కూడా వచ్చు. నా గాజు పలక మీద నాలుగు మెరిసే రేకులున్నాయి. చెప్పులు విప్పి వాటి మీద కదలకుండా నిలబడితే ముందు బరువు చెబుతాను. ఇంకో పది సెకన్లు ఓపిక పడితే, ఆ బరువులో నూటికి ఎంత వంతు కొవ్వో కూడా చెబుతాను. చిక్కంతా ఆ పది సెకన్ల దగ్గరే. బస్సు కోసం గంటసేపు నిలబడే మనుషులు నా మీద పది సెకన్లు నిలబడలేరు.

నా మొదటి యజమాని ఒక పెళ్లికొడుకు. షేర్వాణీ బొత్తాలు పట్టాలని నలభై రోజులు పొద్దున్నే నన్ను తొక్కాడు. పెళ్లయిన మర్నాటి నుంచి నా మొహం చూస్తే ఒట్టు. మంచం కింద దుమ్ము కొట్టుకుపోతుంటే వాళ్లమ్మ చూసి, మీటరు బాగుచెయ్యడానికి వచ్చిన లైన్‌మేన్ చేతిలో పెట్టింది. ఆయన పేరు గౌరునాయుడు. విజయనగరం అవతల చిన్న ఊరు. ఆ తల్లి ఊరికే ఇచ్చిందని ఆయన మురిసిపోయాడు గానీ, ఆయన పొట్ట చూసి ఇచ్చిందని నాకు తెలుసు.

మొదటిరోజు తొంభై రెండు కిలోలు తూగాడు. గాజు పగలకుండా ఎలా కాచుకున్నానో నాకే తెలియదు. కొవ్వు నూటికి ముప్ఫై మూడు అని చెప్పబోయేసరికి మనిషి దిగిపోయాడు.

పాపం, ఆయన కష్టం ఆయనది. ఇరవై ఆరేళ్లు స్తంభాలెక్కిన మనిషిని ఆ నెలలోనే బరువెక్కువైందని పై అధికారి ఏ.ఇ. గారు కిందికి దించి, ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు. డెబ్భై నాలుగు కిలోలకి తగ్గితే మళ్లీ ఎక్కనిస్తానన్నారు. జీతంలో తేడా లేదు, పైగా ఫ్యాను కింద కూర్చునే పని. అయినా ఆయనకి అన్నం సహించలేదు. గాలివానకి కరెంటు పోయినప్పుడు ఊరంతా ఎదురుచూసేది తన కోసమని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఇప్పుడు వేరేవాళ్లని పంపిస్తామని ఫోనులో చెప్పాల్సి వస్తోంది.

అన్నం సహించకపోవడమే ఆయనకి కలిసొచ్చింది. రాత్రిపూట తిండి మానేశాడు. పగలు ఓ గ్లాసు మజ్జిగ, ఓ చపాతీ. గుడ్డు మానేశాడు, చేప మానేశాడు. కిలో కిలో తరిగిపోయాడు. ఎనిమిది నెలలకి డెబ్భై నాలుగు చూపించాను. వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. నా రెండో అంకె ముప్ఫై. ఒంట్లో కొవ్వు కొంత పోయింది, కండ అంతకంటే ఎక్కువ పోయింది. ఆ ముక్క చెబుదామంటే ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

మర్నాడు స్తంభమెక్కే కొత్త బెల్టు నడుముకి బిగించుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికే తిరిగొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. సగం స్తంభం ఎక్కేసరికి చేతులు వణికాయట. పైకీ పోలేక, కిందికీ రాలేక తీగల కింద వేలాడుతుంటే తోటివాళ్లు నిచ్చెన వేసి దించారట. ఏ.ఇ. గారు పల్లెత్తు మాట అనలేదు. దీపావళి వెళ్లాక ఇంకొక్కసారి చూస్తాను, అప్పుడూ కాకపోతే ఫోను దగ్గరే శాశ్వతం అని మాత్రం అన్నారు. అది వినలేక నేను గోడవైపు తిరుగుదామనుకున్నాను. మాకు తిరగడం రాదు.

ఆయన భార్య సన్యాసమ్మ అంగన్‌వాడీ టీచరు. రోజూ పిల్లల్ని తూచే చెయ్యి ఆమెది. మొగుడి పక్కన కూర్చుని ఆయన జబ్బ పట్టుకుని చూసింది.

"మా సెంటర్లో బరువొక్కటే సూసి ఊరుకోం మావా. జబ్బ కూడా కొలుస్తాం. నీ జబ్బేది? ఏటైపోనాది?" అంది.

ఆమె మొదటిసారిగా ఆయన్ని నా మీద నిలబెట్టి, భుజం నొక్కిపట్టింది. పది సెకన్లు గడిచాయి. ముప్ఫై అన్నాను. ఎన్నాళ్ల నుంచో గొంతులో ఉన్న మాట బయటపడ్డట్టయింది.

అప్పటినుంచి ఇంటి రాజ్యం సన్యాసమ్మది. పెరట్లో కోళ్ల గుడ్లు, ఉలవ గుగ్గిళ్లు, వారానికి రెండుసార్లు చేప. సెంటర్ గుడ్డు మాత్రం ఒక్కటైనా ఇంటికి తేలేదు, అవి పిల్లలవి. వీధి కుళాయి నుంచి బిందెలు మోసే పని ఆయన మీద పడింది. పొద్దున్నే పెరట్లో గుంజీళ్లు తీస్తుంటే, ఏ లెక్కల మాస్టారు శిక్ష వేశాడని ఇరుగుపొరుగు నవ్వేవారు. నెలలు గడిచినా నా మొదటి అంకె కదల్లేదు. రెండోది మాత్రం ముప్ఫై నుంచి ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది, వర్షాకాలం దాటేసరికి ఇరవై ఆరు. అది చూడ్డానికి ఆయన ఓపిగ్గా నిలబడేవాడు. నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజకి బెల్టు, కటింగ్ ప్లేరు, తాడు వరసగా పేర్చి వాటి పక్కన నన్నూ కూర్చోబెట్టింది సన్యాసమ్మ. నాలుగు రేకులకీ చిక్కగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. జన్మలో నాకంత మర్యాద జరగలేదు. పూజ బొట్టు తుడవకూడదని ఆ ఇంటి నియమం. అదే కొంప ముంచింది. ఎండిన పసుపు మీద పాదం పెడితే రేకులకి ఒళ్లు తగలదు, కొవ్వు సంగతి నాకు తెలియదు. డెబ్భై ఆరు అని బరువు చెప్పి, రెండో అంకె దగ్గర గీతలు గీసి ఊరుకున్నాను.

గౌరునాయుడు గబుక్కున దిగిపోయాడు. రెండు కిలోలు పెరిగాను, కొవ్వు లెక్కకే అందనంత అయింది కాబోలు అనుకున్నాడు. ఆ రాత్రి నుంచి మళ్లీ పస్తు. గుడ్లు కోళ్లగూటిలోనే ఉండిపోయాయి. సన్యాసమ్మ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. అలా రెండు రోజులు గడిచాయి, దీపావళి ఇంకా మూడు వారాలు కూడా లేదు. నా వల్లే కదా ఇదంతా అని నేనెంత కుమిలిపోయానో ఎవరికి చెప్పను?

చివరికి ఆమె కోపంగా తనే నా మీదికెక్కింది. ఆమె మంచి దిట్టమైన మనిషి. అయినా రెండో అంకె దగ్గర గీతలే.

"ఓలమ్మ, నాకూ కొవ్వు లేదంతంది! ఈ మిషన్‌కే ఏదో అయిపోనాది మావా," అని వంగి చూసింది. పసుపు పెచ్చు గోటికి తగిలింది.

నాకు ఓ దండం పెట్టుకుని, చింతపండుతో రేకులు తోమి, తడిగుడ్డతో తుడిచింది. గౌరునాయుణ్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. డెబ్భై ఆరు. తర్వాత ఇరవై ఐదు. ఆయన ఆ అంకె వంక చాలాసేపు చూశాడు. పెరిగిన రెండు కిలోలూ కండేనని అప్పుడు అర్థమైంది.

"గుడ్డు ఎట్టెయ్యే," అన్నాడు మెల్లగా. సన్యాసమ్మ కళ్లు తుడుచుకుంటూ రెండు పెట్టింది.

ఈసారి ఏ.ఇ. గారు బరువు అడగలేదు, ఎక్కి చూపిస్తే చాలన్నారు. పరీక్ష మా వీధి మొగలో ఉన్న స్తంభానికే పెట్టారు. నన్ను అరుగు మీదే వదిలేశారు కాబట్టి కళ్లారా చూశాను. లైను ఆపించి, బెల్టు బిగించి ఎక్కడం మొదలుపెట్టాడు. సగానికొచ్చి ఆగాడు. సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన చెయ్యి మార్చి పట్టుకుని మళ్లీ ఎక్కాడు. చివరికంటా ఎక్కి, వదులైన తీగ బిగించాడు. చాలు, దిగొచ్చెయ్ నాయుడూ అని ఏ.ఇ. గారు పిలిచారు. ఆయన వెంటనే దిగలేదు. ఊరి కప్పులన్నీ ఒకసారి కలయజూశాడు.

దిగాక తిన్నగా నా దగ్గరికొచ్చి, కాళ్లు కడుక్కుని ఎక్కాడు. మొదటి అంకె చెప్పాను. రెండోదీ చెప్పాను. ఎంతొచ్చిందని సన్యాసమ్మ వెనకనుంచి అడిగింది. ఆయన స్తంభం వంకే చూస్తూ, కళ్లనిండా నీళ్లతో, అలాగే నిలబడ్డాడు. నేను కాసేపటికి నా అంతట నేనే ఆరిపోయే జాతి దాన్ని. అంకెలు ఆరిపోయాయి. ఆయన ఇంకా నా మీదే ఉన్నాడు.