ముందు సీటులో సైదాబీ

...అయినా భయం తలలో ఉంటుందని మనుషులు ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు. అది అరచేతుల్లో ఉంటుంది. చెమటై రబ్బరు పిడుల మీదికి దిగుతుంది. నేను ఒక మోటార్‌సైకిల్‌ని. పద్దెనిమిదేళ్ళుగా మనుషుల్ని వాళ్ళ అరచేతులతో, అరికాళ్ళతో, మోకాళ్ళ బిగువుతో తప్ప మరో విధంగా ఎరగను. ముఖాలు నాకు అద్దంలో ముక్కలుగా కనిపిస్తాయి. కానీ మనిషి నా మీద కూర్చుని పిడి పట్టుకుంటే చాలు, ఆ పూట ఇంట్లో ఏం జరిగిందో చెప్పగలను.

ఉత్తరాదిన ఎక్కడో, ఒక పొడుగాటి షెడ్డులో, కదిలే పట్టా మీద పుట్టాను. ఒకరు చక్రం బిగించారు, ఒకరు ట్యాంకు పెట్టారు, ఒకరు హారన్ మోగుతుందో లేదో చూశారు. నన్ను మొత్తంగా చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఒంగోలులో ఒక విత్తనాల ఏజెంటు నన్ను కొన్నాడు. మూడేళ్ళు రోజూ కడిగి తుడిచాడు. నాలుగో ఏడు కొత్త మోడల్ రాగానే నా వంక చూడటం మానేశాడు. ప్రేమ చల్లారడానికి ఎవరూ ఏ తప్పూ చెయ్యనక్కర్లేదని అప్పుడు తెలిసింది.

తర్వాత పదిహేనేళ్ళు కాశిం దగ్గరే. కనిగిరికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె ఆయనది. దూదేకులాయన. పరుపులు కుట్టి, వాటిని చుట్టగా చుట్టి, నా వెనక కొండలా కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. పరుపులకు అడ్డమొస్తున్నాయని వెనక ఫుట్‌రెస్టులు రెండూ పైకి మడిచేశాడు. ఆ తర్వాత వాటిని ఎవరూ దించలేదు. తుప్పు పట్టి అలాగే బిగుసుకుపోయాయి. తను ఎక్కడ ఆగిపోతాడో, నేను ఎక్కడ మొదలవుతానో కాశింకి తెలిసేది కాదు. నడపడమంటే ఆయనకి ఊపిరి తియ్యడమే.

పోయినేడు ఆయన కాళ్ళు వాచాయి. కిడ్నీలు పాడయ్యాయన్నారు. వారానికి రెండుసార్లు కనిగిరి వెళ్ళి యంత్రంతో రక్తం శుభ్రం చేయించుకోవాలి. నన్ను స్టాండు నుంచి దించే సత్తువ కూడా ఆయన చేతుల్లో మిగల్లేదు. పక్కింటి ఆటో ఆయన కొన్నాళ్ళు తీసుకెళ్ళాడు. ఒకటో తారీఖు నుంచి హైదరాబాదులో పనికి కుదిరానని చెప్పాడు. ఆసుపత్రిలో కాశిం వంతు పొద్దున్నే ఏడింటికి. ఊళ్ళోకి మొదటి బస్సు వచ్చేదే ఎనిమిదింటికి. ఒకటో తారీఖు సోమవారం. మధ్యలో పది రోజులు.

"నేను నేర్చుకుంటా," అంది సైదాబీ, సూదిలో దారం ఎక్కిస్తూ. కాశిం భార్య. నలభై నాలుగేళ్ళు. పాతికేళ్ళుగా వసారాలో కుట్టుమిషను తొక్కుతున్న మనిషి.

కాశిం నవ్వాడు. "బండా? అది మిషను కాదే."

"అదీ మిషనేగా."

ఊరి చివర పొగాకు ఆరబెట్టే బ్యారన్ ముందు చదునైన నేల ఉంది. అక్కడ మొదలైంది చదువు. ఎర్ర పాప్లిన్ గుడ్డ మీద ఎల్ అక్షరం కత్తిరించి నా ముందొకటి, వెనకొకటి అంటించింది. అంచులు కూడా మడిచి కుట్టింది. అంత శ్రద్ధగా నన్ను అలంకరించినవాళ్ళు అంతకుముందు లేరు. ఆమె ముందు కూర్చుంది, కాశిం వెనక. పడితే దూకెయ్యడానికి వీలుగా ఆయన రెండు కాళ్ళూ నేలకి బెత్తెడు పైన వేలాడేసుకున్నాడు.

"క్లచ్ వదులు. అట్టా కాదు! మెల్లగా."

"మెల్లగా అంటే ఎంత?"

"ఎంతేందే? మెల్లగా అంటే మెల్లగానే. నీకే తెలుస్తది."

బాగా వచ్చినవాడు నేర్పలేడు. వచ్చిన పని తలలోంచి చేతుల్లోకి దిగిపోయి ఉంటుంది. మాటకి అందేంత పైకి మళ్ళీ రాదు. కాశిం అరుస్తున్నది ఆమె మీద కాదు, తన చేతుల్లోంచి బయటికి రాని ఆ తెలివి మీద. అది ఆయనకి తెలియదు. నాకు తెలుసు, కానీ నాకున్నది హారన్ ఒక్కటే.

సైదాబీ చిక్కు వేరు. చిన్నప్పుడు సైకిల్ తొక్కింది కాబట్టి తూలి పడేది కాదు. ఆమెకి అడ్డం వచ్చింది ఆమె పనితనమే. నా గేరు పెడలు ముందు వేళ్ళతో నొక్కితే ఒక గేరు, వెనక మడమతో నొక్కితే ఇంకో గేరు. కుట్టుమిషను పెడలూ అంతే కదా, వేళ్ళు, మడమ, వేళ్ళు, మడమ. కంగారు పుట్టగానే ఆమె ఎడమకాలు తనకి తెలిసిన పనిలోకి దిగిపోయేది. పాతికేళ్ళ అలవాటు, టకటకా తొక్కేది. నేను ఎగిరెగిరిపడి ఆగిపోయేదాన్ని. ఇక ఆపాల్సి వచ్చినప్పుడు బ్రేకు గుర్తొచ్చేది కాదు. మిషను చక్రాన్ని ఆపినట్టు కుడి అరచెయ్యి చాపి గాల్లో ఆనించేది. గాలి ఎవరిని ఆపింది గనక!

నాలుగో రోజు అలాగే వెళ్ళి, బ్యారన్‌లో పనిచేసే కోటమ్మ దొంతర పేర్చుకున్న, పొగాకు ఆకు కట్టే కర్రల్లో దూరాం. కాశిం ముందే దూకేశాడు.

"పిల్లా!" అని అరిచింది కోటమ్మ బ్యారన్ గుమ్మంలోంచి. "బండి నిన్ను తోల్తందా, నువ్వు బండిని తోల్తన్నావా?"

"ఇద్దరం కలిసి నీ కర్రల్ని తోల్తన్నాం అత్తా," అంది సైదాబీ, మోచెయ్యి దులుపుకుంటూ. కోటమ్మ పగలబడి నవ్వింది. సైదాబీ కూడా నవ్వింది. కానీ నన్ను లేవనెత్తిన చేతులు నవ్వలేదు. అవి చల్లగా ఉన్నాయి.

ఆ సాయంత్రం వసారాలో కాశిం అన్నాడు: "ఇంక వద్దులే సైదా. ఆ పోయేదేదో ఇంట్లోనే పోతా."

ఆమె వెళ్ళి మిషను ముందు కూర్చుంది. చాలాసేపు గుడ్డ లేకుండానే తొక్కింది.

మర్నాడు తెల్లవారుతూనే ఆమె ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. నన్ను పెద్ద స్టాండు మీద నిలబెట్టింది. వెనక చక్రం నేలకి అంటకుండా గాల్లో ఉంది. ఇంజను వేసి, మొదటి గేరులో పెట్టి, క్లచ్ నూలుపోగంత నూలుపోగంత వదులుతూ వెనక్కి తిరిగి చక్రాన్నే చూస్తూ కూర్చుంది. ఒకచోట చక్రం కొంచెం వణికింది. అక్కడ ఆగింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ వదిలింది. దారం ఎక్కించకుండా కొత్త మిషనుని తిప్పి చూసినట్టు. అప్పుడు, కుట్టు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకి చెప్పే మాటని తన ఎడమచేతికి చెప్పుకుంది.

"లాగబాకమ్మాయ్. అదే పోతది. నువ్వు ఊరికే చెయ్యి ఆనించు."

కాశిం పదిహేనేళ్ళు నన్ను నడిపాడు, ఈ మాట మాత్రం చెప్పలేకపోయాడు.

చెయ్యి దారికొచ్చింది, కాలు రాలేదు. సైదాబీ దిగి, నా పక్కన నేలమీద కూర్చుని, ఆ ఎడమకాలి వంకే చూసింది, తప్పు చేసిన బిడ్డ వంక చూసినట్టు. వట్టికాలు. మిషను ఎప్పుడూ వట్టికాలితోనే తొక్కుతుంది, ఇక్కడికీ అలాగే వచ్చింది. లేచి లోపలికి వెళ్ళి కాశిం పాత బూట్లు తెచ్చింది. సందులో గుడ్డపీలికలు కుక్కి తొడుక్కుంది. బరువుగా, పరాయిగా ఉన్న ఆ తోలు లోపల కాలు తను మిషను దగ్గర ఉన్నాననుకోవడం మానేసింది.

నేను పుట్టిననాడే నాకు అన్నీ వచ్చు. ఆ తర్వాత ఏదీ నేర్చుకోలేదు. అందుకేనేమో, నేర్చుకునే మనిషి నాకు వింతగా ఉంటుంది. నలభై నాలుగేళ్ళకి తన కాలిని తనే పరాయిదాన్ని చేసుకుని, మొదటి నుంచి మొదలుపెట్టడం! రేపో మాపో నన్ను తూకానికి వేస్తారు. ఇనుము కరిగి ఏ కిటికీ ఊచో అవుతుంది. ఆ ఊచకి ఏదైనా గుర్తుంటే, ఆ బూటు లోపల కాలు కుదుటపడిన పొద్దు గుర్తుండాలి.

సోమవారం ఆరింటికి బయల్దేరాం. ఇద్దరికీ హెల్మెట్లు. వెనక కాశిం, కాళ్ళు మామూలుగానే వేలాడేసుకుని, ప్రతి గుంతకీ చెప్పులు నేలకి రాసుకుంటూ. "బర్రె... బర్రె వస్తంది..."

"చూశాన్లేవయ్యా."

నాలుగు కిలోమీటర్ల దూరంలో కల్వర్టు దాటగానే ఎత్తు. సగం ఎక్కేసరికి ఎదురుగా గ్రానైటు రాయి వేసుకున్న లారీ, రోడ్డంతా తనదే. సైదాబీ పక్కకి తీసి ఆపింది. అరచెయ్యి చాపలేదు, బ్రేకు నొక్కింది. లారీ పోయింది. ఇప్పుడు ఎత్తులో మళ్ళీ బయల్దేరాలి. కొత్తవాళ్ళందరూ ఓడిపోయేది ఇక్కడే.

క్లచ్ వదిలింది. వెనక్కి జారిపోతామని కాశిం రెండు కాళ్ళూ నేలకి తన్నిపట్టాడు. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఆగింది. వెనక పాలవ్యాను హారన్ కొట్టింది.

"నేను దిగి నడుస్తాలే," అన్నాడు కాశిం. ఆ ఎత్తు నడిచి ఎక్కలేడని ముగ్గురికీ తెలుసు.

"దిగబాక. కాళ్ళెత్తు. నన్ను ఆపతంది నువ్వే."

"ఎత్తి ఎక్కడ పెట్టను?"

"అందరూ ఎక్కడ పెడతారో అక్కడే."

తనే పైకి మడిచిన సంగతి ఆయన నిజంగానే మరిచిపోయాడు. ఈ పది రోజులు తప్ప, పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా నా వెనక కూర్చోలేదు. పాలవ్యాను మళ్ళీ అరిచింది. సైదాబీ వెనక్కి తిరగలేదు. పిడి మీద ఆమె అరచెయ్యి పొడిగా ఉంది. కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు నేలమీద, ఊరికే ఎదురుచూసింది.

వెనక ఎడమవైపు మడమ తగిలింది. మడిచిన ఇనుము కదల్లేదు. ఇంకోసారి తన్నాడు. తుప్పు పొడిగా రాలింది. ఫుట్‌రెస్టు కిర్రుమని కిందికి దిగింది. తర్వాత కుడివైపుది. కాశిం ఒక చెయ్యి భార్య భుజం మీద వేసి, ఒకదాని తర్వాత ఒకటిగా, పాదాలు రెండూ నేల మీంచి ఎత్తి నా మీద పెట్టాడు.